రాజధాని కాని ఊరు

ఫూ సాన్, వియత్నాం
ఆగస్టు 11, 2024

వీరన్నా,

డ్యూటీ దిగి, బూట్లు విప్పి, చాయ్ తాగాక ఈ కవరు చించు. బస్సులో టికెట్లు కొడుతూ చదివే సంగతులు కావు.

ఫోన్లు ఉండగా కాగితం ఎందుకంటావేమో. తండాలో సిగ్నల్ దొరికేది అంగన్‌వాడీ అరుగు మీదే. అక్కడ వదిన స్పీకర్ పెడితే అమ్మతో పాటు సగం తండా నా మాటలు వింటుంది. నీ చేతిలోదేమో బటన్ ఫోను. నాకు ఇక్కడి సిమ్ ఇంకా రాలేదు, సెంటర్ వైఫై మీద వీడియో కాల్ ఒక్కటే గతి. అందుకని అందరికీ ఫోను, నీకు ఉత్తరం. నేను భద్రాచలం హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు రాసేవాడివి కదా, అట్లాగే.

ఏజెంటు హనోయ్ అన్నాడు, హనోయ్‌లోనే దిగాను. పెద్ద రాజధాని. అక్కడే ఇంగ్లిష్ సెంటర్ల చుట్టూ తిరిగాను. ప్రతి చోటా ఒక డెమో క్లాసు. పిల్లలు పోటీపడి చేతులెత్తేవాళ్లు, మేనేజర్లు తలూపేవాళ్లు, ఆ తర్వాత పాస్‌పోర్టు అడిగేవాళ్లు. దాని మీది మూడు సింహాలు చూడగానే ముఖాలు మారిపోయేవి. ఒకాయన మాత్రం దాచకుండా చెప్పాడు. "మీరు బాగా చెబుతున్నారు. కానీ మా దగ్గరికొచ్చే తల్లిదండ్రులు ఇంగ్లండ్ మనిషో అమెరికా మనిషో కావాలంటారు. రాజధాని వదిలి బయటి ఊళ్లలో చూసుకోండి. అక్కడ టీచర్లే దొరకరు."

ఏజెంటు తాలూకు మనిషి నన్ను బస్సెక్కించాడు. పొద్దున ఎక్కితే సాయంత్రానికి ఈ ఊరు వచ్చింది. చుట్టూ కొండలు, కొండల నిండా దాల్చినచెక్క తోటలు. గాలి మళ్లితే ఊరంతా బిర్యానీ వండుతున్నట్టు ఉంటుంది. మన పాల్వంచ అంత ఊరు. సెంటర్ నడిపే మేడమ్ పేరు థూ. ఆమె డెమో కూడా అడగలేదు. నన్ను పైనుంచి కిందికి చూసి, "రేపటి నుంచి నీ పేరు హెలెన్" అంది. హేమలత అంటే ఇక్కడ నోరు తిరగదట.

గది సెంటర్ మేడ మీదే, కిరాయి లేదు. కింద ఇనుప షట్టర్ ఉంది. చీకటి పడగానే దించి తాళం వేస్తారు, ఆడపిల్ల భద్రంగా ఉండాలని. ఈ మాట అమ్మకు చెప్పు, నిశ్చింతగా పడుకుంటుంది.

ఈసారి తీజ్ పండక్కి మొలకల బుట్టలు ఎవరెవరు మోశారో రాయి.

కొండల్లోంచి,
హేమ


టేకులపల్లి
సెప్టెంబరు 6, 2024

చెల్లె హేమకు,

నీ కవరు మీది స్టాంపు కోసం మన పోరగాళ్లు కొట్లాడుకున్నారు. మీ వదిన దాన్ని నీళ్లలో నానబెట్టి ఊడదీసి బియ్యం డబ్బాలో దాచింది. ఉత్తరం మాత్రం నేనొక్కడినే చదివాను, నువ్వు చెప్పినట్టే చాయ్ తాగాక.

ఇక్కడ వానలు దంచికొట్టాయి. మున్నేరు ఖమ్మంలో ఇళ్లలోకి వచ్చింది. మా బస్సు డిపో దాటలేదు. మన చేనులో నీళ్లు నిలిచి పత్తి ఎర్రబారింది, ఇక దాని గురించి రాయను.

నీ సంగతి రాస్తాను. కొత్తగూడెం నుంచి భద్రాచలం దాకా నా బస్సెక్కే వాళ్లందరికీ నువ్వు తెలుసు. మొన్న ఒక ముసలమ్మకు జీరో టికెట్ ఇస్తూ, "మా చెల్లె వియత్నాంల ఇంగ్లిష్ టీచరవ్వా" అన్నాను. "ఆడ ఉండేటోళ్లకు ఇంగ్లిష్ రాదా కొడుకా?" అంది. "రాదు, గందుకే మా చెల్లెను పిలిపిచ్చుకున్నరు" అన్నాను. బస్సంతా నవ్వారు. డ్రైవర్ అర్షద్ భాయ్ అద్దంలోంచి నన్ను చూసి, "కండక్టర్ సాబ్, ఇగ రైట్ అను, లేకుంటే బండి ఈడనే ఉంటది" అన్నాడు.

హెలెన్ సంగతి అమ్మకు చెప్పాను. "నా బిడ్డ పేరు తీసేసిన్రా?" అని గుడ్లెర్రజేసింది. "తియ్యలే అమ్మా, ఇంకోటి ఇచ్చిన్రు" అని సర్దాను. ఆపరేషన్ అయిన గుండె కదా, ఆమెకు ఏదైనా మెల్లగా చెప్పాలి. నువ్వు కూడా ఫోన్‌లో గుర్తుపెట్టుకో.

బుట్టలు మోసిన వాళ్లలో మన ద్వాలి ముందుంది. సోమ్లా బాబాయి గర్వంగా చూసుకున్నాడు కూతురిని. ములకలపల్లి గురుకులంలో గెస్ట్ టీచరుగా చేస్తోంది కదా, పిల్లలు దాన్ని వదలరట. నీ గురించే అడుగుతుంటుంది. "అక్క ఎట్ల పోయింది, ఏం పరీక్ష రాసింది, నేను గూడ పోవచ్చా?" అని. నీ చిన్నప్పటి తిక్క అంతా దానికే వచ్చింది.

నీ పిల్లలతో దిగిన ఫోటో ఒకటి పంపు. బస్సులో అద్దం పక్కన పెడతాను.

నీ అన్న,
వీరన్న


ఫూ సాన్
సెప్టెంబరు 29, 2024

అన్నా,

ఫోటో ఇందులో పెట్టాను. చివరి వరుసలో నల్లగా, నవ్వకుండా ఉన్నది నేనే అనుకునేవు, అది మై అనే పిల్ల. కొండ మీది గూడెం నుంచి వస్తుంది. వాళ్ల భాష వేరు. ఇంట్లో ఏం మాట్లాడతావని అడిగితే తల దించుకుంటుంది. హాస్టల్లో మొదటి ఏడాది నేనూ అట్లాగే దించుకునేదాన్ని కదా. దాని పక్కనే నిలబడి దిగాను.

నీకో వింత చెబుతాను, బస్సులో మాత్రం చెప్పకు. నేను లండన్‌లో పుట్టానట. మా నాయనమ్మ ఒక్కతే ఇండియా మనిషట, ఈ రంగు ఆమె నుంచి వచ్చిందట. ఇది మేడమ్ థూ అల్లిన కథ. నేను కాదంటే, "అయితే నీకు క్లాసులెవరిస్తారు?" అంది. సరే, మొదటి జీతం అందేదాకా ఊరుకుందామనుకున్నాను. అప్పటికే పిల్లలు ఇళ్లలో చెప్పేశారు. ఇప్పుడు నూడుల్స్ అమ్మే లాన్ అనే ఆవిడ రోజూ కొడుకును తీసుకొచ్చి నాతో లండన్ కబుర్లు మాట్లాడుతుంది. "అక్కడ వాన ఎట్లా పడుతుంది?" అంది ఒకరోజు. నాకు తెలిసిన వాన ఒక్కటే. ఇల్లందు రోడ్డు మీద టేకు ఆకులపై టపటపమని పడుతుందే, అదే చెప్పాను. "లండన్‌లో టేకు చెట్లుంటాయా?" అంది. ఉంటాయన్నాను. ఆ రోజు అన్నం సయించలేదు.

వర్క్ పర్మిట్ తీయడానికని పాస్‌పోర్టు మేడమ్ తన దగ్గర పెట్టుకుంది. అది చూపిస్తేనే ఇక్కడ సిమ్ అమ్ముతారు, అందుకే నాకింకా నంబరు లేదు. బజారుకు వెళ్లాలన్నా, ఈ కవర్లు పోస్టులో వేయాలన్నా ఆఫీసు అమ్మాయి వెంట వస్తుంది. రానీలే, దారి తెలియదు కదా నాకు.

మాట్లాడటమే నా పని, అయినా ఇంత ఒంటరితనం ఎప్పుడూ ఎరగను. పొద్దంతా ఇంగ్లిష్. మన మాట ఒక్కటి అనడానికి మనిషి లేదు. నిన్న మేడ మీద బట్టలారేస్తూ మన పాట ఒకటి పాడుకుంటే నా గొంతే నాకు కొత్తగా వినిపించింది.

అమ్మ మందులు మానకుండా చూడు.

హేమ


టేకులపల్లి
అక్టోబరు 24, 2024

హేమా,

ఫోటో బస్సులో పెట్టాను. అందరూ చూసి ఇందులో టీచరెవరని అడుగుతున్నారు, అంత చిన్నగా అయిపోయావు. తింటున్నావా?

నీ ఉత్తరం చదివాక మనసు కలుక్కుమంది. మన మాట మాట్లాడేందుకు మనిషి లేదని రాశావు. చిన్నప్పుడు చీకట్లో బయటికి వెళ్లాలన్నా నా చెయ్యి పట్టుకునేదానివి. బస్సులో ఆ మాటే తలుచుకుంటుంటే అర్షద్ భాయ్, "ఏంది సాబ్, చిల్లర తప్పిచ్చినవ్?" అన్నాడు. పాస్‌పోర్టు సంగతీ ఆయనకు చెప్పాను. ఆయన బావ జెడ్డాలో చేశాడు కదా. "పాస్‌పోర్టు ఇంకోళ్ల బీరువాల ఉంటే మనిషి గూడ ఆ బీరువాలనే ఉన్నట్టు వీరన్నా" అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఎడారిలో కూలి పని వేరు, టీచరు పని వేరు అన్నాను. నువ్వు చిన్నప్పటి నుంచి హాల్ టికెట్లు పోగొట్టుకునే మనిషివి, మేడమ్ దగ్గర ఉండటమే మంచిది.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఒంటరితనానికి మందు దొరికింది. దసరా అయ్యాక ఖమ్మంలో ఏజెంటు ఆఫీసుకు వెళ్లాను. నన్ను చూడగానే కుర్చీ వేయించాడు. "మీ చెల్లె మస్తు చేస్తున్నదంట. ఆ మేడమ్ ఇంకో టీచర్‌ను అడుగుతున్నది, మీ ఇంట్లనే ఎవరన్న ఉంటే ఇంకా మంచిది" అన్నాడు. నాకు ద్వాలి గుర్తొచ్చింది. బాబాయి మొదట వద్దన్నాడు. "హేమ ఉన్నది కద అక్కడ, నీకేం భయం?" అన్నాను. దాంతో ఒప్పుకున్నాడు. అక్కాచెల్లెళ్లు ఒకే గదిలో ఉంటారు, మన మాట మాట్లాడుకుంటారు, మన వంట వండుకుంటారు.

ద్వాలి ఆనందం చూడాల్సింది. గురుకులంలో రాజీనామా ఇచ్చేస్తానంటోంది. నీకు ఫోన్‌లో చెబుతానంది గానీ, ముందు నేను రాస్తానని ఆపాను. నువ్వు సంతోషపడటం కాగితం మీద చదవాలని ఉంది.

వీరన్న


ఫూ సాన్
నవంబరు 17, 2024

అన్నా,

ద్వాలిని పంపకు.

నిన్న ఫోన్‌లో నేనన్న మాటలకు మీరందరూ నన్ను తిట్టుకుంటూ ఉంటారు. నీ ఉత్తరం అందిన మరుక్షణమే ఆఫీసు గదిలోకి పరుగెత్తి వదినకు కాల్ చేశాను. అరుగు మీద అమ్మ ఉంది, ద్వాలి ఆమె భుజం మీద గడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అమ్మ ముందు నిజం ఎట్లా చెప్పను? ద్వాలి రాకుండా ఆగాలంటే ఏదో ఒకటి అనాలి. "దాని ఇంగ్లిష్ ఇక్కడికి చాలదు, పరువు పోతుంది" అనేశాను. అది నాకంటే బాగా మాట్లాడుతుందని నాకు తెలుసు. దాని నవ్వు ఆగిపోవడం చూశాను. అంతలో లైన్ పోయింది. మళ్లీ కలపబోతే మేడమ్ ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టింది.

నిజం ఇది. వర్క్ పర్మిట్ రాలేదు, రాదు. మేడమ్ అసలు దానికి అర్జీ పెట్టనే లేదు. నా వీసా గడువు పోయిన నెలే తీరిపోయింది. ఆ సంగతి ఆఫీసు అమ్మాయి నోరుజారితే తెలిసింది. నాకు వెళ్లిపోవాలని ఉందని మేడమ్‌తో అన్నాను. ఆమె అరవలేదు. టీ పోసి ఇచ్చి, "వెళ్లు హెలెన్. గడువు తీరిన మనిషివి కదా, ఎయిర్‌పోర్టులో నిన్నే పట్టుకుంటారు. లండన్ మనిషినని ఊరిని మోసం చేసిందీ నువ్వే. నేను నిన్ను దాచి కాపాడుతున్నాను" అంది. నేను ఆ టీ తాగాను అన్నా.

అధికారులు తనిఖీకి వస్తే ముందే ఆఫీసు అమ్మాయి గంట కొడుతుంది. పిల్లలకు ఏదో ఒక పాట పెట్టి నేను మేడ పైకెక్కి, నీళ్ల ట్యాంకు ఉన్న చిన్న గదిలో దూరాలి. లోపల కూర్చోవడానికే చోటు. బయట గొళ్లెం పెడతారు. వాళ్లు వెళ్లాక ఎవరైనా గుర్తొచ్చి తీసేదాకా అందులోనే. కిందకొచ్చాక పిల్లలు, "టీచర్, ఎక్కడికెళ్లారు?" అంటారు. మై మాత్రం ఏమీ అడగదు, నా ప్యాంటు అంచుకు అంటిన నాచు చూస్తుంది.

ఇదంతా ముందే ఎందుకు రాయలేదంటావు. కొత్తగూడెం నుంచి భద్రాచలం దాకా నువ్వు చెప్పుకున్న చెల్లెలు ఈ ట్యాంకు గదిలో ఉందని ఎట్లా రాయను?

నా సంగతి తర్వాత. ముందు ఆ పిల్లను ఆపు. ఈ కాగితం బాబాయికి చూపించు. అమ్మకు వద్దు.

హేమ


టేకులపల్లి
నవంబరు 19, 2024

హేమకు,

ఇది పోస్టు చేయాలా వద్దా అని జేబులో పెట్టుకుని రెండు ట్రిప్పులు తిరిగాను. చేస్తున్నాను.

నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఇంట్లో ఏం జరిగిందో మీ వదిన చెప్పింది. ద్వాలి ఆ సాయంత్రం నుంచి ముద్ద ముట్టలేదు. ఇంగ్లిష్ డిక్షనరీ తీసుకెళ్లి పొయ్యి ముందు పెట్టిందట, వాళ్లమ్మ లాక్కుంది. సోమ్లా బాబాయి మన వాకిట్లో నిలబడి, అమ్మ వింటుండగానే అన్నాడు, "ఒక్కరు పైకెక్కంగనే నిచ్చెన గుంజేస్తరు. మనోళ్లే మనోళ్లకు అడ్డం." నేనుంటే ఏమనేవాడినో నాకూ తెలియదు.

ఒంటరిగా ఉన్నానని ఏడ్చింది నువ్వే. మనిషిని పంపుతానంటే దాని ఇంగ్లిష్ చాలదంటున్నదీ నువ్వే. హాస్టల్లో నీ ఇంగ్లిష్ చూసి నవ్విన వాళ్ల గురించి నాకెన్ని ఉత్తరాలు రాశావు? వాళ్ల మాటే ఇప్పుడు నీ నోట వచ్చింది.

ద్వాలి రాజీనామా ఇచ్చేసింది. ఏజెంటు దాని కాగితాలు తీసుకున్నాడు. జనవరిలో ప్రయాణం. నువ్వు ఎదురెళ్లి తెచ్చుకుంటావో లేదో నీ ఇష్టం.

వీరన్న


టేకులపల్లి
డిసెంబరు 10, 2024

హేమా, నా తల్లీ,

నీ నవంబరు ఉత్తరం ఈరోజు అందింది. నా కోపపు ఉత్తరం నీకు అందకూడదని పొద్దుటి నుంచి మొక్కుతున్నాను. దారిలో తప్పిపోయే కవర్లు ఎన్ని ఉండవు, అదొక్కటి పోతే ఏం?

చదివిన వెంటనే బాబాయి ఇంటికి పరుగెత్తాను. ఆయన ముందు పైకి చదివాను. ట్యాంకు గది దగ్గరికి రాగానే చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బాబాయి మాత్రం కదల్లేదు. "నిన్నటిదాంక ఇంగ్లిష్ రాదన్నరు. ఇయ్యాల జైలంటున్నరు. రేపేమంటర్రా?" అన్నాడు. "గింత కత అల్లాల్నా, ఒక్క పోరి ముందుకు పోతుంటే?" ఆయన కాళ్లు పట్టుకున్నాను. అప్పుడు చెప్పాడు, ద్వాలి ఇక్కడ లేదని. తేదీ ముందుకు జరిగిందని ఏజెంటు పిలిస్తే మొన్ననే హైదరాబాద్ వెళ్లిందట. మాకు చెప్పొద్దందట. అక్కకు తెలిస్తే మళ్లీ అడ్డం పడుతుందని.

అక్కడి నుంచే దాని నంబరుకు చేశాను. స్విచ్చాఫ్. ఏజెంటుకు చేస్తే, "ఫ్లైట్ ఎక్కింది సార్, కంగ్రాట్స్" అన్నాడు.

నా బదులు ఇవాళ టికెట్లు కూడా అర్షద్ భాయే కొట్టాడు, స్టాపు స్టాపుకూ బండి ఆపి.

ఇప్పుడు నువ్వే దానికి అక్క, అన్న, అమ్మ, నాన్న. నేను ఇక్కణ్నుంచి ఏం చేయగలనో చెప్పు. ఎంబసీకి రాయనా? పోలీసుల దగ్గరికి పోనా? నువ్వు వద్దంటే మానేస్తాను, పొమ్మంటే ఇప్పుడే పోతాను. నాకు బుర్ర పనిచేయడం లేదు.

వీరన్న


ఫూ సాన్
డిసెంబరు 30, 2024

అన్నా,

నీ కోపపు ఉత్తరం అందింది, దాని తర్వాతది ఈరోజే అందింది. మొదటిదాని గురించి ఇక మనం మాట్లాడుకోవద్దు. ఎంబసీకి రాయి. నా పేరు, పుట్టిన తేదీ, ఈ సెంటర్ అడ్రసు, అన్నీ రాయి. పోలీసుల దగ్గరికి కూడా వెళ్లు.

ద్వాలి వచ్చింది. మేడమ్ నన్ను డ్రైవర్‌తో హనోయ్ ఎయిర్‌పోర్టుకు పంపింది, కొత్త పిల్ల బెదరకుండా. నాలుగు నెలల తర్వాత నేను ఈ ఊరు దాటడం అదే. చింతపండు, కారం, చిన్నమ్మ చేసిన అరిసెలు మోసుకుని, కొత్త స్వెటర్‌లో వచ్చింది. నన్ను చూసి నవ్వలేదు. డ్రైవర్ ఎదురుగానే ఉన్నాడు గానీ మన మాట వాడికేం తెలుసు. నడుస్తూ నడుస్తూనే మన లంబాడీలో అంతా చెప్పాను. పాస్‌పోర్టు ఇంకా నీ చేతిలోనే ఉంది, తిరిగి లోపలికి వెళ్లిపో, కౌంటర్ దగ్గర ఏడువు, ఎవరో ఒకరు ఇంటికి పంపుతారు అన్నాను.

అది ఆగి నా ముఖంలోకి చూసింది. "అక్కా, నా ఇంగ్లిష్ చాలదన్నవ్. చాలకపోతే ఆళ్లే పంపిస్తరు. నువ్వెందుకు పంపుతున్నవ్?"

"అది కాదు ద్వాలీ, అక్కడ తాళమేస్తరు."

"నీకేస్తె నాకూ ఎయ్యనియ్యి. మా నాయనకు ఏ ముఖం చూపియ్యాలె నేను, ఎయిర్‌పోర్టు చూసొచ్చిన్నని చెప్పాల్నా?"

డ్రైవర్ దాని పెట్టె తీసుకుని బండిలో పెట్టాడు. అది ఎక్కింది. దాని వెనకే నేను ఎక్కాను. వేరే ఏం చేయగలను? నన్ను ఆ ఎయిర్‌పోర్టులో వదిలేసినా నా దగ్గర ఏ కాగితమూ లేదు.

దాని పేరు ఇప్పుడు డాలీ. లండన్‌లో నా చెల్లెలు. పాస్‌పోర్టు, ఫోను మొదటి రోజే బీరువాలోకి వెళ్లాయి. క్లాసులో అది బంగారం అన్నా, పిల్లలు దాని చెయ్యి వదలడం లేదు. నాతో మాత్రం మాట్లాడదు. ఒకే గదిలో ఒకే మంచం మీద పడుకుని, మన మాట తెలిసిన మనుషులం ఇద్దరం ఉండి, ఎవరి గోడకు వాళ్లం తిరిగి పడుకుంటున్నాం.

హేమ


హనోయ్
ఫిబ్రవరి 12, 2025

అన్నా,

ఈ ఉత్తరం ఫూ సాన్ నుంచి కాదు. కంగారుపడకు, మేమిద్దరం క్షేమం. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇక్కడి కొత్త సంవత్సరం పండుగ అయ్యాక సెంటర్ తెరిచిన వారంలోనే గంట మోగింది. ద్వాలికి అది మొదటిసారి. "ఏంది?" అంటుండగానే ఆఫీసు అమ్మాయి మా ఇద్దరినీ మెట్లెక్కించి ట్యాంకు గదిలోకి నెట్టి గొళ్లెం పెట్టింది. ఒక్కరికే చాలని చోటు. దాని మోకాళ్లు నా పొట్టలో, నా గడ్డం దాని నెత్తి మీద. నీళ్లు కారి బట్టలు తడిసిపోయాయి. దానికి తుమ్ము వచ్చేలా ఉంటే నా అరచేత్తో ముక్కు మూశాను. అట్లా ఉండగా నా చెయ్యి తడిసింది. తుమ్ము కాదు, ఏడుపు. "అక్కా, నువ్వొక్కదానివే ఇట్ల ఎన్నిసార్లు కూసున్నవ్?" అని నా చేతిలోకే అడిగింది.

వాళ్లు వెళ్లాక గొళ్లెం తీశారు. ఆ రోజు నుంచి మేం మాట్లాడుకున్నాం. ఏం చేసినా ఇద్దరం కలిసే చేయాలనుకున్నాం. పారిపోతే కాగితాల్లేని మనుషులం. లోపల ఉంటే ఇదే బతుకు. భయపెడుతున్నది ఎవరి పేరు చెప్పి? పోలీసుల పేరు చెప్పి. అయితే ఆ పోలీసుల దగ్గరికే పోదామంది ద్వాలి. నేను వద్దన్నాను. జైలు అన్నాను. "ఇదేంది మరి?" అంది.

తర్వాత గంట మోగినప్పుడు నేను పిల్లల చేత పాఠం చదివిస్తున్నాను. ఆఫీసు అమ్మాయి వచ్చి నా రెక్క పట్టుకుంది. విడిపించుకున్నాను. పక్క గదిలోంచి ద్వాలి వచ్చింది. మేడ పైకి వెళ్లే మెట్లు ఎడమవైపు, కిందికి వెళ్లేవి కుడివైపు. కుడివైపు తిరిగాం. కింద షట్టర్ దగ్గర ఇద్దరు అధికారులు, మేడమ్ థూ నవ్వుతూ టీ పోస్తోంది. నన్ను చూసి ఆమె చేతిలో కెటిల్ అట్లాగే ఆగిపోయింది.

పొద్దంతా వాగే నా నోరు అక్కడ పెగల్లేదు అన్నా. "మై నేమ్ ఈజ్" అన్నాను, అంతే. పేరు రాలేదు. హెలెన్ అనబోయి ఆగిపోయాను. ద్వాలి నా పక్కనుంచి ముందుకొచ్చి, తడబడకుండా చెప్పింది. ఆమె హేమలత, నేను ద్వాలి, ఇద్దరం ఇండియా వాళ్లం, ఇక్కడ టీచర్లం, మా పాస్‌పోర్టులు ఈ మేడమ్ బీరువాలో ఉన్నాయి, మాకు అవి కావాలి అని.

బీరువా తెరిచారు. మమ్మల్ని బండి ఎక్కిస్తుంటే పిల్లలు కిటికీల్లో గుమిగూడారు. లాన్ గారు కొడుకును తీసుకెళ్లడానికి వచ్చి అదంతా చూసింది. "లండన్ కాదా?" అంది. "కాదు. ఇండియా, టేకు చెట్లున్న ఊరు" అన్నాను. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. అది మాత్రం ఇంకా గుచ్చుకుంటోంది.

మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. అడిగిందే అడిగారు. ఇప్పుడు ఒక గెస్ట్‌హౌస్‌లో ఉంచారు, బయటికి వెళ్లకూడదు. మన ఎంబసీ ఆయన వచ్చాడు, నువ్వు పంపిన అర్జీ ఆయన ఫైల్లో ఉంది. గడువు మీరి ఉన్నందుకు నాకు జరిమానా, అది కట్టాకే దేశం దాటే కాగితం, మళ్లీ కొన్నేళ్లు ఈ దేశం రాకూడదు. ద్వాలి వీసా ఇంకా ఉంది కాబట్టి వెంటనే వెళ్లిపోవచ్చన్నారు. అది కదలడం లేదు. "అక్క కాయితం వచ్చినంక ఒక్కటే ఫ్లైట్ల పోతం" అంటుంది.

బీరువాలోని ఫోన్లు కూడా తిరిగిచ్చారు. అయినా రాస్తూనే ఉన్నాను, ఇదంతా నోటితో చెప్పే బలం ఇంకా రాలేదు. రాసింది ఫోటో తీసి వదిన ఫోన్‌కు పంపుతున్నాను. నువ్వే ముందు చదువు. అమ్మకు ఏం చెప్పాలో నువ్వే చూసుకో.

అన్నా, రావాలంటే భయంగా ఉంది. తండాలో ఏ ముఖంతో దిగను? ఉద్యోగం పోయిన ద్వాలిని ఏ ముఖంతో బాబాయికి అప్పగించను?

హేమ


టేకులపల్లి
ఫిబ్రవరి 15, 2025

హేమా,

పోస్టులో వేస్తే నీ తర్వాత చేరుతుంది. అందుకే నేనూ ఫోటోయే పంపిస్తున్నాను. నా రాత వంకర, ఫోన్‌ను తిప్పి తిప్పి చదువు.

అమ్మకు అంతా చెప్పేశాను. మెల్లగానే మొదలుపెట్టాను గానీ ఆమె ఆగనివ్వలేదు. విన్నాక లేచి వెళ్లి మేకలకు ఆకు వేసి వచ్చింది. "రమ్మను. ఈడ తాళాల్లేవు" అంది. గుండె బాగానే ఉంది, నిన్న డాక్టరుకు కూడా చూపించాను.

సోమ్లా బాబాయి ఇంటికి వెళ్లి నీ ఉత్తరం చదివాను. ఈసారి నమ్మాడు. "ద్వాలి కింది మెట్లు దిగిందని ఉన్నది కద, అది మళ్లొకసారి సదువు" అన్నాడు. చదివాను. ఇంకోసారి చదివించుకున్నాడు. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని, "నడువు ఖమ్మం" అన్నాడు. ఎందుకని అడగలేదు, నాకూ అదే ఉంది మనసులో.

ఏజెంటు ఆఫీసులో ఏసీ వేసి ఉంది. మమ్మల్ని చూసి కూర్చోమన్నాడు. మేం కూర్చోలేదు. "మీ పిల్లలు అడ్జస్ట్ కాలే సార్, మా తప్పేంది?" అన్నాడు. బాబాయి ఆ మనిషి మీదికి వెళ్తాడనుకున్నాను. వెళ్లలేదు. పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు కాపీ బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాడు. అప్పుడు చూశాం, గోడ వారగా ముగ్గురు ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఫైళ్లు. ఒకామె బోనకల్ నుంచి, ఇంకొకామె మధిర నుంచి, మూడో పిల్ల మన ఇల్లందు పక్కన తండా నుంచే. మంచిగా తయారై వచ్చారు.

వాళ్లకు చెప్పాను. బస్సులో ఇన్నాళ్లూ గొంతెత్తి నీ గొప్ప చెప్పుకున్నవాడిని, అక్కడ అదే గొంతుతో ట్యాంకు గది చెప్పాను. షట్టరు, గంట, గొళ్లెం, గడువు తీరిన వీసా, ఏదీ దాచలేదు. నా చెల్లెలు అని చెప్పే మొదలుపెట్టాను. బాబాయి, "నా బిడ్డ గూడ" అన్నాడు. ఏజెంటు వాచ్‌మన్‌ను పిలిచాడు.

తండా పిల్ల ఫైలు మూసి లేచి మా వెంట మెట్లు దిగింది. కింద బాబాయి దానికి సోడా తాగించాడు. మిగతా ఇద్దరూ కూర్చునే ఉన్నారు. మధిర అమ్మాయి మర్యాదగానే అంది, "అందరికీ ఒకేలా అవ్వదు కదండీ." బీరువా మాట చెప్పిన అర్షద్ భాయ్‌తో నేను అన్నదీ అదే.

వాళ్ల ప్రయాణానికి ఇంకా టైముంది. నేను కండక్టర్ని, నా మాట వాళ్లకు ఎక్కలేదు. నువ్వు మాట్లాడితే ఎక్కుతుందేమో. ఏ ముఖంతో దిగనూ అని అడిగావు కదా. వాళ్లు చూడాల్సింది ఆ ముఖమే. మీ ఇద్దరి కోసం నేనూ అర్షద్ భాయ్ శంషాబాద్ వస్తాం. జల్దీ రా, చెల్లె.

వీరన్న